పోగు కొసన దూది నూగు

పోయిన నెల ఇదే పేజీలో కరెంటు మీటరు సంగతి రాసినాక భివండి నుంచి ఒక అక్క ఉత్తరం రాసింది. వాళ్ల అబ్బాయి కేబుల్ వాళ్ల దగ్గర ఇంటర్నెట్ వైర్లు వేసే పనిలో చేరి ఏడాది అయిందట. "పొద్దుగాల పోతడు, రాత్రి పదింటికి వస్తడు. నెల కాంగనే పగార్ల కోత. ఎందుకంటే ఒకసారి బాగుచేసిన ఇంటి నుంచే మళ్లీ మళ్లీ కంప్లెయింట్ వస్తున్నదట. నీకు పని రాదు పో అంటరట. మావోడు నిజంగనే పనికిరానోడా తమ్మీ? నువ్వు ఆ పనిలనే ఉన్నవు గదా, చెప్పు" అని అడిగింది.

అక్కా, మీ అబ్బాయి చేతిపని నేను చూడలేదు. కానీ నా పని నాకు తెలుసు. నాకూ ఇట్లనే కోతలు పడ్డయి. ఎందుకు పడ్డయో చెప్తా. అందులో నా తప్పు ఎంత, ఇంకొకరి తప్పు ఎంత అన్నది చదివి మీరే చూడండి.

మాది షోలాపూర్ తూర్పు భాగం. అశోక్ చౌక్ వెనక మా గల్లీలో కింద సాంచాలు, మీద కాపురాలు. తువాళ్ల కార్ఖానా ఉన్న ఇంట్లో ఏ వస్తువు మీద వేలు పెట్టి గీసినా తెల్లగా నూగు లేస్తది, ఇది మీకు నేను చెప్పాల్నా. అన్నం గిన్నె మీద మూత తీయాలన్నా చూసుకొని తీస్తం. 2020 చివర్లో, కార్ఖానాలు మళ్లీ మొదలై కాలేజీలు మాత్రం ఇంకా ఫోన్లలోనే నడుస్తున్న రోజులు. ఒక పెద్దమ్మ ఇంటికి కనెక్షన్ ఇచ్చిన. బీడీలు చుట్టుకొని మనవరాలిని చదివిస్తున్నది. పెట్టిన రోజు బాగనే ఉంది. వారానికి డబ్బా మీద ఎర్ర లైటు. పోయిన, వైరు ఊడదీసి, అక్కడే తీగ మీద ఆరేసిన తువాలు కొసతో తుడిచి, మళ్లీ గుచ్చిన. లైటు పచ్చగా వచ్చింది. చాయ్ తాగి వచ్చిన.

నాలుగు రోజులకు మళ్లీ ఎర్ర లైటు. ఇంకోసారి తుడిచిన, ఇంకోసారి వచ్చింది. మూడోసారి, "డబ్బా పోయింది పెద్దమ్మా, కొత్తది కావాలె" అన్న. ఆఫీసువాళ్లు 1800 రూపాయలు బిల్లు రాసిన్రు. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చింది. ఆ కొత్త డబ్బా పది రోజులు నడిచింది. పదకొండో రోజు ఆ పిల్ల ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో మళ్లీ ఎర్ర లైటు పడ్డది. పక్కింటివాళ్ల ఫోను తీసుకొని మెట్ల మీద కూచొని మిగతాది రాసింది. సగం ప్రశ్నలు పోయినయి.

విచిత్రం ఏందంటే, నేను రాత్రి పోయినప్పుడల్లా నెట్ బాగుండేది. పొద్దుగాల సాంచాలు మొదలు కాంగనే పోయేది. అప్పుడైనా నాకు బుర్రలో వెలగాల్సింది, వెలగలేదు.

చివరికి పుణె నుంచి వేరే పని మీద వచ్చిన ఒక పాత టెక్నీషియన్ అన్న మా వెంట వచ్చిండు. ఆయన దగ్గర చిన్న టార్చి లాంటి కెమెరా, దానికి తెర ఉన్నయి. వైరు కొసను దానికి పెట్టి, "చూడు" అన్నడు. తెర మీద బూడిద రంగు చందమామ, దాని నడుమ చిన్న చుక్క. ఆ చుక్క మీదుగా అడ్డంగా తాడు పడేసినట్టు ఒక గీత. "ఇది ఏందో తెలుసా? మీ ఊరి తువాలు" అన్నడు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, విసుక్కోకండి. మన ఇండ్లలోకి వచ్చే ఫైబర్ పోగు గాజుది. ఆ గాజు మందం 125 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెలుతురు నడిచేది ఆ మందం అంతటిలో కాదు, నట్టనడుమ ఉన్న దాదాపు 9 మైక్రాన్ల దారిలోనే. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటది. దూదిలో ఒక్క పోచ 12 నుంచి 20 మైక్రాన్లు. అంటే కంటికి ఆనని ఒక్క దూది పోచ ఆ దారికంటే వెడల్పు. అది అడ్డం పడితే వాకిట్లో ఎద్దు పడుకున్నట్టే.

గాజులో మలినం ఉంటేనే వెలుతురు దూరం పోదని, మలినం తీసేస్తే పోతదని చార్లెస్ కావు అనే ఆయన 1966లో చెప్పిండు. 2009లో దానికే నోబెల్ ఇచ్చిన్రు. ఇప్పటి గాజు ఎంత శుభ్రమంటే, అందులో వెలుతురు 12–15 కిలోమీటర్లు పోయినాక కూడా ఇంకా సగం మిగిలే ఉంటది. అంత శుభ్రం చేసి పంపిన గాజు కొసను మేం తువాలుతో తుడుస్తున్నం.

ఇక జోడు సంగతి. డబ్బాలోకి గుచ్చే పచ్చ రంగు కనెక్టర్ నడుమ తెల్లటి పింగాణీ పుల్ల ఉంటది, రెండున్నర మిల్లీమీటర్ల లావు. దాని నడిమధ్యలో గాజు పోగు కొస. ఇటు కొస, అటు కొస రెండూ ఒకదానికొకటి ఆనాలె. నడుమ నూగు ఉంటే ఆనవు, సందు పడుతది. సాంచాలు నడిచినప్పుడు గోడ అదిరితే ఆ సందు కదులుతది, వెలుతురు ఒక క్షణం వస్తది, ఒక క్షణం పోతది. పెద్దమ్మ ఇంట్లో అయ్యింది ఇదే. నేను ఊడదీసి గుచ్చినప్పుడల్లా నూగు పక్కకు జరిగి లైటు వచ్చేది. నేనేమో బాగుచేసిన అనుకునేది.

పవర్ మీటరు పెట్టి చూస్తే లెక్క ఇంకా తేట. పెట్టిన రోజు ఆ ఇంట్లో మైనస్ 19 ఉండె. ఆ రోజు మైనస్ 29. ఈ లెక్కలో మూడు తగ్గితే వెలుతురు సగం అయినట్టు, పది తగ్గితే పదో వంతే మిగిలినట్టు. మన ఇండ్లలో పెట్టే డబ్బాలు ఎక్కువగా మైనస్ 27 దాకానే పట్టుకుంటయి. కొత్త డబ్బా పెట్టినా పాతది పెట్టినా ఏం లాభం? డబ్బాకు రోగమే లేదు.

అన్న నా ముందరనే పని చేసిండు. ముందు వైరు ఊడదీసి మీటరు పెట్టి రీడింగ్ రాసుకున్నడు. తర్వాత కొసను తెర మీద చూసిండు. పెన్ను లాంటి క్లీనర్ తీసిండు. దాన్ని కొసకు ఆనించి టిక్కుమని నొక్కితే లోపల సన్నటి దారం పట్టీ జరిగి కొసను తుడుస్తది. ప్రతిసారి కొత్త పట్టీ వస్తది, ఒకసారి తుడిచిన జాగా మళ్లీ తగలదు. మళ్లీ తెర మీద చూసిండు. నూగు పోయింది, కానీ ఒక మరక మిగిలింది, స్టీలు పళ్లెం మీద నీళ్లు ఎండితే పడే మరక లాంటిది. అది నా వేలి జిడ్డట. అప్పుడు నూగు రాలని కాగితం మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క వేసి, తడి జాగా నుంచి పొడి జాగాకు ఒక్కసారి, ఒకే దిక్కుకు లాగిండు. వెనకకు ముందుకు రుద్దలేదు. తడిని తడిగా వదిలేస్తే అది ఎండి ఇంకో మరక అయితది, అందుకే పొడితోనే ముగించాలె. మూడోసారి చూసిండు.

అప్పుడు కనబడ్డది అసలు నష్టం. నడిమి చుక్క పక్కన సన్నటి గుంట. నేను రెండో మూడోసారి గుచ్చినప్పుడు ఏదో ఇసుక రేణువు నడుమ నలిగి గాజును కొరికింది. నూగు తుడిస్తే పోతది, గుంట ఎంత తుడిచినా పోదు. ఆ కొస కోసేసి కొత్త కొస అతికించాల్సి వచ్చింది. చూడకుండా గుచ్చడం వల్ల ఇటు కొస మురికి అటు కొసకు కూడా అంటుతది. అందుకని అన్న గోడ డబ్బాలోని అడాప్టర్ లోపలికి కూడా పెన్ను పెట్టి నొక్కిండు. మా పిల్లల్లో చానామంది చేతిలో ఉన్న కొసనే తుడుస్తరు, గోడలో ఉన్నదాన్ని మరిచిపోతరు. సగం పని చేసినట్టు.

అన్నీ అయినాక మీటరు మైనస్ 20 చూపించింది. ఆ డబ్బా ఇప్పటికీ నడుస్తున్నది.

తెల్లారి పోయి పెద్దమ్మకు జరిగింది చెప్పిన. ఆమె బీడీ ఆకు కత్తిరించడం ఆపలేదు. "మీ బాపు మిల్లుల పోగు తెగితే ఎక్కడ తెగిందో చూసి అతికేటోడు. నువ్వు చూడకనే నాకు డబ్బా అమ్మినవా బిడ్డా" అన్నది. ఆఫీసులో 1800 వాపసు అడిగితే, "బిల్లు అయిపోయింది, మళ్లీ తెరవం" అన్నరు. మూడు హప్తాల్లో నా జేబు నుంచి ఇచ్చిన. ఆమె ఎంచుకొని తీసుకున్నది. వద్దని ఒక్కసారి కూడా అనలేదు, మంచిదే. పరీక్ష మార్కులు మాత్రం నేను ఇయ్యలేను గదా.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న మన పిల్లలకు. కొసను నోటితో ఊదకండి, ఊపిరిలో తడి ఉంటది. చొక్కాకు, లుంగీకి, తువాలుకు తుడవకండి. ప్లాస్టిక్ టోపీ ఉంది గదా శుభ్రంగనే ఉంటదని నమ్మకండి, ఆ టోపీ లోపలనే దుమ్ము ఉంటది. ప్యాకెట్ చింపిన కొత్త ప్యాచ్ కార్డ్‌ను కూడా చూసి, తుడిచి పెట్టండి. పచ్చ కనెక్టర్‌ను నీలి రంగు దానికి గుచ్చకండి. పచ్చదాని కొస 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటది, నీలిదాని కొస అట్ల ఉండదు, రెండూ ఎన్నటికీ ఆనవు.

అన్నిటికంటే ముఖ్యం కన్ను. వెలుతురు వస్తున్నదా లేదా అని కొసను కంటికి పెట్టి చూసే పిల్లలను నేను చూసిన, రెండు దెబ్బలు వేసిన కూడా. ఆ వెలుతురు కంటికి కనబడేది కాదు. కనబడలేదని లేదనుకుంటే కన్ను పోతది. ఇంటర్నెట్‌తో పాటు టీవీ కూడా అదే పోగులో పంపే కేబుల్ వాళ్ల దగ్గర సిగ్నల్ పెంచే మిషన్లు ఉంటయి, వాటి దగ్గరి కొసలు మరీ ప్రమాదం. అద్దాల భూతద్దంతో నేరుగా చూసేటప్పుడు కూడా అటు పక్క ఊడదీసి, మీటరుతో చూసి, వెలుతురు లేదని తేలినాకనే చూడాలె. తెర ఉన్న కెమెరా అయితే ఆ భయం లేదు.

ఇండ్లలో ఉండే అక్కలకు ఒకటే మాట. కనెక్టర్‌ను మీరు ఊడదీసి కొంగుతో తుడవకండి. రిపేరుకు వచ్చిన అబ్బాయి "డబ్బా మార్చాలె" అంటే, "ముందు మీటరు పెట్టి చూపించు, తుడిచినాక మళ్లీ చూపించు" అని అడగండి. అడిగితే కోపం చేసుకునేవాడు చూడనివాడే. చూసేవాడు సంతోషంగా చూపిస్తడు.

ఇప్పుడు అక్క అడిగినదానికి వస్తా. ఆ క్లీనర్ పెన్ను మాకు ఆఫీసు ఇయ్యలేదు. "కావాలంటే కొనుక్కోండి" అన్నరు. ఒకరోజు కూలికంటే ఎక్కువ పడుతది. 500 సార్లకు పైనే వస్తదని ఆఫీసువాళ్లకు తెలుసు, ఒక్క రిపీటు కంప్లెయింట్‌కు తిరిగే పెట్రోలుతో పోలిస్తే అది ఏ మూలకు? కానీ పెట్రోలు పిల్లగాడిది, పెన్ను ఖర్చు వాళ్లది, అందుకని లెక్క కుదరదు. పైగా మాకు రోజుకు ఎన్ని ఇండ్లు చేస్తే అంత పైసలు. చూసి, తుడిచి, మళ్లీ చూసే పది నిమిషాలకు ఎవరూ కూలి కట్టరు. మా బాపు పనిచేసిన మిల్లులో సఫాయి కూడా పనే, దానికీ హాజరు పడేది. ఇక్కడ సఫాయి చేస్తే ఇండ్లు తగ్గుతయి, చేయకపోతే రిపీటు వచ్చి పగార్ తగ్గుతది.

అందుకని అక్కా, మీ అబ్బాయికి ఒక చిన్న నోటుబుక్కు కొనియ్యండి. ఏ ఇల్లు, ఏ తారీఖు, తుడవక ముందు రీడింగ్ ఎంత, తుడిచినాక ఎంత అని రాసుకోమనండి. ఇంటివాళ్లతో సంతకం పెట్టించుకోవాలె. నేను పెద్దమ్మ ఇంటి తర్వాత మొదలుపెట్టిన. ఒక నెల నాకు నాలుగు రిపీట్ల కోత వేసినప్పుడు ఆ బుక్కు ముందర పెట్టిన. మూడు ఇండ్లలో నేను వచ్చేటప్పుడు మైనస్ 20, 21 ఉన్నది, తర్వాత స్తంభం దగ్గరి డబ్బాను ఎవరో తెరిచి మూసిన్రు. ఆ మూడూ కొట్టేసిన్రు. నాలుగోది నాదే, ఒప్పుకున్న. పెన్ను కోసం మేం ఏడుగురం కలిసి ఒకేసారి అడిగినం, ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చిన్రు. ఒక్కడు అడిగితే ఇయ్యరు, అది కూడా చెప్పండి వాడికి.

షోలాపూర్‌లో ఈ పని చేసే పిల్లలు ఎవరైనా ఉంటే, వచ్చే రెండో ఆదివారం పొద్దున మా గల్లీ వాచనాలయంలో నేను కెమెరా పట్టుకొని కూచుంట. మీరు వాడుతున్న ప్యాచ్ కార్డులు తెండి, తెర మీద చూసుకోవచ్చు. వచ్చే నెల ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ల గురించి రాస్తా, దాని మీద కూడా రెండు ఉత్తరాలు ఉన్నయి.