అగ్నిపర్వతములు – వాని జాతులు



పొయ్యిమీఁద పలుచని గంజి మరుగునప్పుడు బుడగలు మెల్లగా పైకివచ్చి చిట్లిపోవును. చిక్కని జావ యుడుకునప్పుడో, లోని యావిరి దారి లేక యొక్కసారిగా చిమ్మి చేయి కాల్చును. ఈ భేద మెఱిగిన గృహిణికి అగ్నిపర్వతముల జాతులను గుర్తించుట కష్టము కాదు. భూగర్భమునుండి వెలువడు కరఁగిన శిలకు లావా యని పేరు. ఇసుకలో ముఖ్యాంశమైన సిలికా తక్కువైనచో లావా పలుచగాను, ఎక్కువైనచో చిక్కగాను ఉండును. కొండ యాకారమే యా చిక్కదనమును చాలవఱకు తెలుపును.

మొదటిది డాలు వంటిది. పలుచని లావా దూరముగా పాఱి పొరలు పొరలుగా పేరుకొనుటచే, బోర్లించిన డాలువలె విశాలమై, వాలు తక్కువగా నుండును. హవాయి ద్వీపమందలి మౌనా లోవా యిట్టిది. ఇండ్లు కాలినను, జనులు తప్పించుకొనుటకు తఱచుగా వ్యవధి యుండును.

రెండవది చిట్టెపు కుప్ప. పైకెగసిన లావా తుంపరలు గాలిలో గట్టిపడి, కొలిమి చిట్టెమువలె చిల్లుల రాళ్లై నోటిచుట్టును పడును. కుప్ప చిన్నది, ప్రక్కలు నిటారు, పైన గిన్నెవంటి పల్లము. మెక్సికోలో 1943 ఫిబ్రవరి 20వ తేదీన మొక్కజొన్న చేనిలో పుట్టిన పరికుటిన్ ఒక్క యేడాదిలో వేయి యడుగులకు మించి పెరిగెను, 1952లో చల్లారెను.

మూడవది పొరల శంకువు. లావాయు బూడిదయు మార్చి మార్చి పేరుకొనుటచే నేర్పడును. అడుగున వెడల్పు, పైకి పోను పోను నిటారు. జపానువారి ఫ్యూజీ యిట్టిది. చూపునకు సుందరమైన యీ జాతియే మిక్కిలి భయంకరము.

నాలుగవది గుమ్మటము. మిక్కిలి చిక్కని లావా పాఱజాలక నోటివద్దనే ముద్దగా నుబ్బును. తఱచుగా పొరల శంకువుల శిఖరములందే పుట్టును. అది పగిలినను కూలినను, కాలుచున్న బూడిద మేఘము కొండవాలున దూకును. 1902 మే 8న మార్టినిక్ ద్వీపమున పెలే కొండనుండి వెడలిన యట్టి మేఘము సెయింట్ పియరీ పట్టణమును నిమిషములలో దహించెను. సుమారు 28,000 మంది మడిసిరి. కొండ కొన్ని వారములుగా పొగలు గ్రక్కుచున్నను, పెక్కుమంది యూరు విడువలేదు.

ఫిలిప్పీను దీవులలోని పినటుబో సుమారు అయిదువందల యేండ్లు నిద్రించి, అడవి కప్పిన కొండ. 1991లో నది మేల్కొనగనే శాస్త్రజ్ఞులు దాని పాత బూడిద పొరలను పరీక్షించి, పేలెడి జాతియని యెఱిగి, వేలకొలది జనులను ముందుగా తరలింపఁజేసిరి. జూన్ 15న కొండ ఘోరముగా పేలెను. బూడిద బరువునకు పైకప్పులు కూలి కొన్ని వందల మంది మరణించినను, వేలకొలది ప్రాణములు దక్కెను. జాతి నెఱుగుటవలని ప్రయోజన మిది.