ఆసుపత్రి నేల మీద రంగు గీతలు వేయించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పోయిన నెల మా అమ్మను ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ చీటీ రాయించాక రక్తపరీక్ష ఎక్కడో తెలియక మూడు వరండాలు తిరిగాం. బోర్డులు ఉన్నాయి, కానీ అమ్మకు చదువు రాదు. మోకాళ్ల నొప్పితో ఆమె రెండుసార్లు మెట్ల మీదే కూలబడింది.

ఓపీ కిటికీ దగ్గర నుంచి నేల మీద రంగు గీతలు వేయించండి. రక్తపరీక్షకు ఎరుపు, ఎక్స్‌రేకు నీలం, మందులకు పసుపు. చీటీ మీద డాక్టరు గారు అదే రంగు ముద్ర వేస్తే చాలు. హైదరాబాద్ మెట్రోలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైన్లను జనం ఎంత తేలిగ్గా గుర్తుపడుతున్నారో చూడండి. 2016 నిబంధనల ప్రకారం ఆసుపత్రి వ్యర్థాలకే పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు రంగులున్నాయి. రోగికీ ఆ పాటి దారి చూపాలి కదా!

ఒక జాగ్రత్త. మన వాడుకలో ‘పచ్చ’ అంటే కొందరికి పసుపు, కొందరికి ఆకుపచ్చ. సిబ్బంది ‘పచ్చ గీత’ అన్నారంటే మళ్లీ తికమకే. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాళ్లూ ఉంటారు, మగవాళ్లలో మరీ ఎక్కువ. అందుకే గీత పక్కన రక్తపు చుక్క, ఎముక, మాత్ర బొమ్మలు కూడా వేయించండి.

రోజూ తడిగుడ్డ పెట్టే నేల కాబట్టి రంగు వెలిసిపోతుంది. ఏటా మళ్లీ వేయించే ఖర్చు కూడా ఇప్పుడే మంజూరు చేయండి.

ఇట్లు,
ఒక రోగి కూతురు