కంపెనీ మారినా డిపాజిట్టు మీదే

ఒకప్పుడు గ్యాసు పొయ్యి పట్నంలో ఉద్యోగస్తుల ఇళ్లకే పరిమితం. పల్లెలో పిడకలు, సరుగుడు పుల్లలు, జీడి కంపే గతి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక గ్యాసు బండ పల్లె వంటింట్లోకీ వచ్చింది. భీమునిపట్నం, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి మండలాల్లో ఇప్పుడది వింత వస్తువు కాదు.

బండతోపాటు పేచీలూ వచ్చాయి. చెప్పిన రోజుకు బండ రాదు. వచ్చినా వీధి మొగలో దింపేసి పోతారు. రసీదులో ఉన్న ధర ఒకటి, చేతికి అడిగే ధర మరొకటి. అన్నిచోట్లా ఇలాగే ఉందని అనడం లేదు. ఇలా జరిగిన చోట ఇల్లాలికి వచ్చే ఆలోచన ఒక్కటే. ‘వేరే ఏజెన్సీకి మారిపోతే?’ వెంటనే భయమూ పుడుతుంది. ‘ఈ పాత బండ, రెగ్యులేటరు ఏం చేయాలి? కట్టిన డిపాజిట్టు పోయినట్టేనా?’

పోదు. ఈ మాట ప్రతి ఇంటికీ తెలియాలి.

ముందు ఒక సంగతి గ్రహించాలి. ఇంట్లో ఉన్న బండ, రెగ్యులేటరు మనవి కావు, కంపెనీవి. వాటిని వాడుకోవడానికి హామీగా మనం కొంత సొమ్ము కట్టాం. వస్తువులు తిరిగి అప్పగిస్తే ఆ సొమ్ము తిరిగి రావాలి. కనెక్షన్ ఇచ్చిన రోజున ఏజెన్సీవారు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచరు అనే కాగితమే అందుకు సాక్ష్యం. ఎన్ని బండలు, ఎంత డిపాజిట్టు అన్నది దాని మీదే ఉంటుంది. ఇనుప బండ కంపెనీదైతే, ఆ కాగితం మనది.

వినియోగదారులు తమకు నచ్చిన చోటికి మారే పథకం 2013 అక్టోబరులో 24 నగరాల్లో ప్రయోగంగా మొదలైంది. 2014 జనవరిలో 480 జిల్లాలకు విస్తరించారు. దీని పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒకే కంపెనీకి చెందిన మరో ఏజెన్సీకి మారేవారు బండ, రెగ్యులేటరు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. కాగితాలు మాత్రం మారతాయి. కంపెనీయే మారితే పాత బండ, రెగ్యులేటరు అప్పగించాలి. అప్పగించినట్లు టెర్మినేషన్ వోచరు, కట్టిన డిపాజిట్టు తీసుకోవాలి. ఆ వోచరుతో కొత్త కంపెనీ ఏజెన్సీకి వెళ్లాలి. పాత డిపాజిట్టు ఎంతో అంతే అక్కడ కడితే చాలు. బదిలీ రుసుము గాని, అదనపు డిపాజిట్టు గాని ఉండవని పథకం ప్రకటించినప్పుడే చెప్పారు.

ఇది తెలియనివారు ఏం చేస్తారు? పాత బండను మూలన పెట్టి, కొత్త మనిషిలా వెళ్లి కొత్త కనెక్షన్ అడుగుతారు. దానివల్ల నష్టమెంతో లెక్క చూడండి. 2022 జూన్ 16 నుంచి 14.2 కిలోల బండ డిపాజిట్టు 1,450 నుంచి 2,200 రూపాయలకు పెరిగింది. రెగ్యులేటరు డిపాజిట్టు 150 నుంచి 250 అయింది. అంతకుముందు 1,450, 150 కట్టినవారు బదిలీగా వెళ్తే పాత లెక్కే. కొత్తగా వెళ్తే ఒక్క బండకే 850 రూపాయలు అదనం. రెండు బండలైతే 1,600. కూలి చేసుకునే ఇంటికి అది ఎన్ని రోజుల కష్టం?

నష్టం అక్కడితో ఆగదు. ఒక ఇంటికి ఒకే కనెక్షన్ ఉండాలన్నది నిబంధన. రెండు చోట్ల పేరు కనిపిస్తే కనెక్షన్ నిలిపివేసే ప్రమాదం ఉంది. 2024 నవంబరులో ఈ రాష్ట్రంలో ఏడాదికి మూడు ఉచిత బండల పథకం మొదలైనప్పుడు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, గ్యాసు కనెక్షన్ అన్నీ ఒకదానికొకటి ముడిపడ్డాయి. ఆ ముడిలో ఒక పోగు తెగితే రావలసిన సొమ్ము ఆగిపోతుంది. కనుక మారినవారు కొత్త ఏజెన్సీలో ఆధార్, ఖాతా నమోదు సరిచూసుకోవాలి.

దీపం, ఉజ్జ్వల కనెక్షన్ల సంగతి వేరు. వాటికి డిపాజిట్టు కట్టింది ప్రభుత్వం. కనుక ఆ సొమ్ము ఇంటివారి చేతికి వస్తుందని ఆశించరాదు. ఆ ఇళ్లవారు బండ అప్పగించకముందే కొత్త చోట తమ కనెక్షన్‌ను ఏ లెక్కన తీసుకుంటారో అడిగి, రాతలో తీసుకోవడం క్షేమం. నోటి మాట నీటి మూట.

పాతవన్నీ దాచుకోమని మేము చెప్పడం లేదు. దాచవలసింది కాగితం. పారేయవలసింది పగిలిన రబ్బరు గొట్టం. అయిదేళ్లు దాటిన గొట్టాన్ని ‘ఇంకా బాగానే ఉంది’ అని కొత్త పొయ్యికి తగిలించడం పొదుపు కాదు, ప్రాణాపాయం. బండ మెడ దగ్గర ఉండే ఇంగ్లీషు అక్షరం, అంకె కూడా చూడండి. ఎ నుంచి డి వరకు నాలుగు అక్షరాలు ఏడాదిలోని నాలుగు మూడు నెలల భాగాలకు గుర్తు. అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన బండను తీసుకోవద్దు. గ్యాసు లీకైతే 1906 నంబరుకు ఫోను చేయాలి. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాసు అంటుకుని సుమారు 60 మంది ప్రాణాలు పోయిన విశాఖకు ఈ జాగ్రత్త వేరే చెప్పనక్కరలేదు.

ఇక పాలకులను ఒక మాట అడగాలి. అమ్మేవాడు మారితే ఇంట్లో సామాను ఎందుకు మారాలి? 2000లో విద్యుత్ పంపిణీ ప్రత్యేక కంపెనీల చేతికి వెళ్లింది. మన ప్రాంతానికి విశాఖ కేంద్రంగా తూర్పు ప్రాంత కంపెనీ వచ్చింది. అందుకోసం ఎవరి గోడ మీది మీటరూ ఊడదీయలేదు. బ్రిటన్‌లో గ్యాసు గొట్టాల ద్వారా ఇళ్లకు వస్తుంది. 1998 నుంచి అక్కడ ప్రతి ఇంటివారూ గ్యాసు అమ్మే కంపెనీని మార్చుకోవచ్చు. మీటరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఘనపుటడుగులు లెక్కించే పాతకాలపు మీటరున్న ఇల్లయినా సరే. అదే గొట్టం, అదే మీటరు, బిల్లు మీద పేరు ఒక్కటే మారుతుంది. మనకు మాత్రం ఏ కంపెనీ బండ ఆ కంపెనీకే తిరిగి చేరాలన్న కట్టడి ఉంది. ఆ కట్టడివల్లే కంపెనీ మారాలంటే బండ మోసుకుపోవలసి వస్తోంది.

ఏ కంపెనీ బండ ఉన్నా మరో కంపెనీ నుంచి గ్యాసు తీసుకునే వీలు కల్పించడంపై పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2025 సెప్టెంబరులో ప్రజాభిప్రాయం కోరింది. ఆలోచన మంచిదే. కాని దాని ఫలితం ముందుగా అందవలసింది నాలుగు ఏజెన్సీలున్న పట్నానికి కాదు, ఒకే ఏజెన్సీ మీద ఆధారపడిన పల్లెకు. మారడానికి రెండో దుకాణమే లేని ఊరికి మారే హక్కు ఇచ్చి ఏం లాభం?

విశాఖలో రిఫైనరీ 1957 నుంచి ఉంది. కొండ కింద 60,000 టన్నుల గ్యాసు నిలవచేసే గుహ 2007 నుంచి ఉంది. ఓడల్లో గ్యాసు దిగేదీ ఈ రేవులోనే. అంత గ్యాసు ఇంటి ముంగిట ఉండి కూడా, ఆనందపురం పల్లెలోని మనిషి తన డిపాజిట్టు తనదా కాదా అని తెలియక తికమక పడటం న్యాయం కాదు.

జిల్లా యంత్రాంగం చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి ఏజెన్సీ ముందు బదిలీ నిబంధనలు, డిపాజిట్టు వివరాలు తెలుగులో రాసిన బోర్డు పెట్టించాలి. నెలకొకసారి మండల కార్యాలయంలో ఏజెన్సీల ప్రతినిధులను కూర్చోబెట్టి, పౌర సరఫరాల అధికారుల సమక్షంలో ఫిర్యాదులు వినాలి. వోచరు పోగొట్టుకున్నవారిని తిప్పి పంపక, నకలు ఇచ్చే పద్ధతి చెప్పాలి.

చదువరులు చేయవలసిన పని ఇంకా చిన్నది. ఈ రోజే ట్రంకు పెట్టె తెరిచి ఆ కాగితం ఉందో లేదో చూసుకోండి. అది జాగ్రత్తగా ఉంటే, ఏ ఏజెన్సీ గడప ఎక్కినా అడిగే హక్కు మీ చేతిలో ఉన్నట్టే.