దేవిడీ స్తంభం ఎవరిది?

దేవిడీ అనగానే మీకు నవాబు గుర్తొస్తాడు. హుక్కా, అత్తరు, బిర్యానీ గుర్తొస్తాయి. కప్పును మోసిన టేకు స్తంభం గుర్తురాదు. దాన్ని నరికినవాడు, చెక్కినవాడు, నిలబెట్టినవాడు అసలే గుర్తురారు. మేము ఆ స్తంభం వైపు నుంచి మాట్లాడుతున్నాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. 1912లో నగరాభివృద్ధి సంస్థ పుట్టింది. ఇరుకు బస్తీలు కూల్చి రోడ్లు వెడల్పు చేసింది. ఆ కాలపు కలిగినవాళ్ళ ఇల్లు చూడండి. నడుమ సెహన్, చుట్టూ దాలాన్లు, టేకు స్తంభాలు, వాటి మీద దూలాలు, పైన సున్నపు మిద్దె. మర్దానా వేరు, జనానా వేరు. బరువంతా కర్రది, పేరంతా నవాబుది.

నిజాం రాజ్యంలో టేకు అడవి అంటే ఆదిలాబాద్. ఆ అడవి మీద హక్కు అడిగినందుకే 1940లో కొమురం భీంను చంపారు. ఆ రాజ్యాన్ని తెచ్చి మా మెడకు కడతారు. మేమెప్పుడు రాజులం? దూదేకినవాళ్ళం, జట్కా తోలినవాళ్ళం, వడ్రంగులతో కలిసి రంపం లాగినవాళ్ళం. 1948 పోలీసు చర్య నాటి చావులు 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్ళంతా నవాబులేనా?

1949లో జాగీర్లు రద్దయ్యాయి. మంచిదే. దేవిడీలు ముక్కలై అమ్ముడుపోయాయి. చెక్కపనికి పేరుపడ్డ మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో కూల్చారు. అది కాయస్థులది! స్తంభానికి మతం లేదు. కూల్చేవాడికీ దాని మతంతో పనిలేదు, గజం ధరతోనే పని. పాత కట్టడాలను కాపాడిన 13వ నిబంధనను 2015లో ఎత్తేశారు. కొత్త చట్టం 2017లో గానీ రాలేదు.

ఇప్పుడు పాత టేకుకు గిరాకీ. 1998లో సైబర్ టవర్స్ లేచిన దిక్కున పాత గుమ్మం కొత్త హోదా. మా చేతులు పడ్డ గుమ్మం కావాలి, మేము వద్దు. ప్రగతి నగర్‌లో అద్దెకు ఇల్లడిగితే ముందు పేరడుగుతారు. పేరు చెప్పగానే, ఖాళీగా ఉన్న ఇల్లు "నిన్ననే ఇచ్చేశాం" అవుతుంది. దీని పేరు ప్రగతా?

లౌకిక మిత్రులారా, దేవిడీలను కాపాడమని మీరు రాస్తున్నారు. రాయండి, మేమూ సంతకం పెడతాం. కానీ స్తంభాన్ని ఉంచుకొని మనిషిని గెంటేస్తే, మీరు కాపాడింది చరిత్రను కాదు, ఫర్నిచర్‌ను.

మేము దేవిడీ అడగడం లేదు. అది ఎన్నడూ మాది కాదు. రెండు గదుల అద్దె ఇల్లు అడుగుతున్నాం. మా పేరు విన్నాక కూడా తలుపు తెరిచే ఉంచుతారా?