పేరు తప్పు పిలిస్తే ఊరుకోవాలా?

ఉద్యోగం చేసే చోట పేరు తప్పుగా పిలిపించుకోవడం మనలో చాలామందికి నిత్యానుభవం. హాజరు పట్టీలో అబ్దుర్రహీం అని ఉంటుంది, పక్క సీటు సోదరుడు 'అబ్దుల్' అంటాడు. షేక్ 'ఎస్కే' అవుతుంది. ముహమ్మద్ 'ఎండీ' అవుతుంది. హమీద్ కాస్తా 'అమీద్', ఫాతిమా 'పాతిమా' అవుతారు. ఒకటి రెండుసార్లు సరిదిద్దుతాం. మూడోసారి మొహమాటపడి ఊరుకుంటాం. ఏళ్ళు గడిచేసరికి ఆ తప్పు పేరే మన పేరై కూర్చుంటుంది. దీన్ని చిన్న విషయమని వదిలేయాలా? లేక పంతానికి పోయి తగవు పెట్టుకోవాలా? రెండూ సరికాదని మా అభిప్రాయం.

ఇస్లాంలో పేరు కేవలం ఒక గుర్తు కాదు. బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా చేసి, అర్థం చూసి మరీ పేరు పెడతాం. అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అనేవి అల్లాహ్‌కు ఎంతో ప్రియమైన పేర్లని దైవప్రవక్త (స) తెలిపారు. 'అవిధేయురాలు' అనే అర్థమున్న ఒక స్త్రీ పేరును మార్చి ఆయన జమీలా అని పెట్టారు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్ని, చెడ్డపేర్లు పెట్టి పిలుచుకోవడాన్ని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలోని 11వ వాక్యం నిషేధిస్తోంది.

ఇలా చూస్తే, 'అబ్దుల్' అన్న ఒక్క ముక్క పేరే కాదు. 'ఫలానావారి దాసుడు' అనవలసిన చోట ఆ ఫలానావారెవరో చెప్పకుండా ఆగిపోయిన మాట అది. ఇక అబ్దుర్రహ్మాన్‌ను ఉత్త 'రహ్మాన్' అని పిలిస్తే, దాసుణ్ణి వదిలేసి ప్రభువు నామంతో మనిషిని పిలిచినట్టవుతుంది. అది అల్లాహ్‌కు మాత్రమే చెందిన నామం. ఈ సంగతి తోటి ఉద్యోగికి ఎలా తెలుస్తుంది? చాలా ముస్లిం ఇళ్ళలోనే పిల్లల్ని ఇలా కుదించి పిలుస్తున్నారు. దిద్దుబాటు ముందు ఇంట్లో మొదలుకావాలి.

నాలుక తిరగకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు, ఎగతాళి వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

మన చాంద్రాయణగుట్టనే చూద్దాం. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేసరికి ఈ పేరులో మొదటి దీర్ఘమూ కనబడదు, 'ణ' కూడా కనబడదు. పక్కనే ఉన్న బార్కస్ పేరు సైనికుల 'బ్యారక్స్' నుంచి వచ్చింది. నిజాం కొలువులో సిపాయిలుగా పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు అక్కడ నేటికీ ఉన్నారు. వారి పేర్లలో 'బిన్' అంటే కుమారుడు. తెలియనివారు దాన్నే పేరనుకుని 'బిన్ గారూ' అని పిలవవచ్చు. అందులో అవమానించే ఉద్దేశం ఎక్కడుంది? అరబ్బులు 'రమదాన్' అనే మాసాన్ని మనం 'రంజాన్' అంటున్నాం. ఉర్దూ నాలుకకు అరబ్బీ అక్షరాలన్నీ పలకనట్టే, తెలుగు నాలుకకు ఉర్దూ అక్షరాలన్నీ పలకవు. ఇలాంటి చోట ఓర్పే మేలు.

అయితే తెలిసి తెలిసి పేరును వంకరగా పలికేవారూ ఉంటారు. మక్కాలో ఖురైషులు అదే చేశారు. ముహమ్మద్ అంటే ప్రశంసించబడినవాడు. దాన్ని తిరగేసి 'ముజమ్మమ్', అంటే నిందించబడినవాడు అని పిలిచేవారు. దైవప్రవక్త (స) కోపగించలేదు. వారు తిడుతున్నది ముజమ్మమ్ అనే ఎవరినో, నేనైతే ముహమ్మద్‌ను అన్న భావంతో, వారి తిట్లను అల్లాహ్ తన మీద పడకుండా ఎలా తప్పించాడో చూడమని సహచరులకు చెప్పారు. ఎదుటివాడు పేరు మార్చినంత మాత్రాన మనిషి మారడు.

హిజ్రీ 6వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 628లో, హుదైబియా ఒప్పందం రాస్తున్నప్పుడు 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటకు ఖురైషుల ప్రతినిధి సుహైల్ అభ్యంతరం చెప్పాడు. దాన్ని చెరపడానికి హజ్రత్ అలీ (రజి)కి మనసొప్పలేదు. దైవప్రవక్త (స) స్వయంగా చెరిపేశారు. ఒప్పందంలో 'అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్' అని నిలిచింది. శాంతి కోసం బిరుదును పక్కన పెట్టారు. పేరు, తండ్రి పేరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మనకు కావలసిన కొలబద్ద ఇదే. 'సాబ్' అనలేదని, 'హాజీ' అనలేదని అలగనక్కరలేదు. పేరు మాత్రం సరిగా ఉండాలని కోరడం గర్వం కాదు, హక్కు.

మరి ఏం చేయాలి? కొలువులో చేరిన మొదటి వారంలోనే చెప్పాలి. పదేళ్ళు పలికి, ఆ తర్వాత తప్పన్నామంటే ఎదుటివారూ నొచ్చుకుంటారు. నలుగురిలో కాక పక్కకు పిలిచి, నవ్వుతూ చెప్పాలి. పేరును తెలుగులో కాగితం మీద రాసిచ్చి, అర్థం కూడా చెప్పాలి. అర్థం తెలిసిన పేరును మనుషులు తొందరగా మరచిపోరు. మళ్ళీ తప్పితే మళ్ళీ చెప్పాలి. ఎగతాళి చేస్తే మాత్రం నలుగురితో కలిసి మనమూ నవ్వకూడదు. ఇది నాకు బాధగా ఉందని సూటిగా అనాలి. అప్పటికీ మానకపోతే పై అధికారికి చెప్పడంలో తప్పులేదు.

నోటి తప్పును క్షమించవచ్చు గానీ కాగితం మీది తప్పును ఉపేక్షించరాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'ఎండీ', ఆధార్‌లో 'మొహమ్మద్', పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు ఉంటే, గల్ఫ్ ప్రయాణం నాడో పెన్షను నాడో ఆ కుటుంబమే తిరగాలి. పిల్లల్ని బడిలో చేర్పించిన రోజునే పేరు పూర్తిగా, ఒకే తీరుగా రాయించాలి.

చివరగా ఒక మాట. మన పేరు సరిగా పిలవమని అడిగే మనం ఎదుటివారి పేరు సరిగా పలుకుతున్నామా? సత్యనారాయణ గారిని, వేంకటేశ్వర్లు గారిని 'రెడ్డి సాబ్', 'రావ్ సాబ్' అని కులంతోనో తోకతోనో పిలిచి సరిపెట్టడం న్యాయమేనా? ఆయన పేరు వెనుకా ఒక తల్లి ముచ్చట ఉంది, ఒక నమ్మకం ఉంది. ముందు ఆయన పేరు పూర్తిగా నేర్చుకుందాం. తర్వాత మన పేరు నేర్పుదాం. అలా అడిగితే కాదనేవారు తక్కువ.

అల్లాహ్ మన నాలుకలకు మర్యాదను, మన మనసులకు ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.