ఫలక్‌నుమాలో వంకాయకూర

గత దసరా సెలవులలో మా మరిది మా దంపతులకు హైదరాబాదునందలి ఫలక్‌నుమా భవనమున రెండు దినములు బస యేర్పాటు చేసెను. ఉపాధ్యాయుని భార్యకు అట్టి భోగము తఱచుగా లభించునది కాదు గనుక, ఈ మాసము ఊరగాయల సంగతి మాని దానినే ముచ్చటించెదను.

ఆ భవనమునకు 1884లో పునాది వేయించినవారు సర్ వికారుల్ ఉమ్రాగారు. పిదప నది ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాన్ గారి వశమయ్యెను. 2010 నుండి తాజ్ వారి హోటలుగా నున్నది. ద్వారముకడ నుండి మమ్ము గుఱ్ఱపుబండిలో గొనిపోయిరి. 101 మంది కూర్చుండి భుజింపదగిన బల్ల నొకదానిని జూపిరి. మావారు దానిని జూచి, "రెండు తరగతుల పిల్లలు సరిపోవుదురు" అనిరి. ఎచ్చటికేగినను వారికి బడియే!

మేము శాకాహారులమని చెప్పియుండుటచే రాత్రి భోజనమున బగారా బైగన్ వడ్డించిరి. పేరు వేఱుగాని అది మన గుత్తివంకాయకు అప్పచెల్లెలే. లేతకాయలను తొడిమ యూడకుండ చీల్చి నూనెలో మగ్గింతురు. వేయించిన వేరుసెనగలు, నువ్వులు, ఎండుకొబ్బరి మెత్తగా నూరి, చింతపండు పులుసుతో గలిపి, ఆ కాయలు వైచి, సన్నని సెగపై నూనె తేలువఱకు నుడికింతురు.

మొదటి ముద్ద నోటనుంచుకొనగానే నాకు దోచినదేమనగా, అది వేడిగా నున్నది! నవ్వకుడు. పదునాలుగేండ్లుగా వంకాయకూర నెన్నియో మారులు వండితిని గాని, దింపినదానిని దింపినట్లు తిని యెఱుగను. అందఱికిని వడ్డించి నేను కూర్చుండునప్పటికి గుజ్జు బిగిసి, అన్నము చల్లారియుండును. వేడికూరలో నువ్వుల కమ్మదనము ముందు వచ్చును, పులుపు వెనుక వచ్చును. చల్లారినదానిలో పులుపొక్కటే మిగులును. నా వంటను మెచ్చువారు దేనిని మెచ్చుచుండిరో నాకారాత్రి దెలిసినది. కన్నులు చెమర్చెను. కారమని చెప్పితిని. మావారు నమ్మలేదు.

తుదకు ఖుబానీ కా మీఠా వచ్చెను. ఎండు ఖుబానీ పండ్లను రాత్రియెల్ల నానవైచి, చక్కెరతో నుడికించి, గింజలు పగులగొట్టి అందలి పప్పును పైనుంచి, మీగడతో నిత్తురు. నేనైనచో ఆ గింజలను పాఱవైచియుందును. (చేదుపప్పు మాత్రము తినరాదు, విషము.)

ఇల్లు చేరిన పిదప ఆదివారము గుత్తివంకాయ వండితిని. మావారు పాత్రలన్నిటిని నడుమనుంచి నాకును కంచము పెట్టిరి. "వడ్డించువారెవరు?" అని అత్తగారడిగిరి. "అందఱికిని చేతులున్నవి గదా" అనిరి మావారు. నేను నిలుచుండియే యుంటిని. అత్తగారు నావైపు కొంతసేపు చూచి, "నేను నలువదియేండ్లు చల్లనిదే తింటిని" అని, నేతిగిన్నె నా కంచముకడకు జరిపిరి.