సర్టిఫికెట్ ఉంది సరే... ఇచ్చిందెవరు?

వానలు మొదలైతే మణుగూరు, పినపాక, అశ్వాపురం వైపు ఇళ్లలో జ్వరాలు మొదలవుతాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయని రిపోర్టు రాగానే కారు మాట్లాడుకుని ఖమ్మం బయలుదేరే కుటుంబాలు ఎన్నో. ఆ అంకె తప్పయితే? తక్కువ చూపిస్తే డబ్బు వృథా, ఎక్కువ చూపిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ల్యాబ్ బోర్డుపై 'ఐఎస్ఓ సర్టిఫైడ్' అని ఉంటే మనకో ధైర్యం. నిజానికి ఐఎస్ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. అది ప్రమాణాలు మాత్రమే రూపొందిస్తుంది. సర్టిఫికెట్లు ఇచ్చేవి వేరే సంస్థలు. వాటి పనితీరును పరిశీలించి గుర్తింపు ఇచ్చేది అక్రెడిటేషన్ బోర్డు. మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్‌ఏబీసీబీ ఈ పని చేస్తుంది.

గుర్తింపు పొందిన సంస్థ తొలి ఆడిట్‌తో సరిపెట్టదు. ఏటా తనిఖీ చేయాలి, మూడేళ్లకోసారి మొత్తం మళ్లీ చూడాలి. ఫైళ్లు తయారుచేసి పెట్టిన సంస్థే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ట్యూషన్ చెప్పిన మాస్టారే పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దితే ఎలా ఉంటుంది? గుర్తింపు లేని సంస్థ మీ గడప తొక్కకుండానే కాగితం పంపినా అడిగే నాథుడుండడు.

ల్యాబ్‌ల విషయంలో మరో మెలిక ఉంది. ఐఎస్ఓ 9001 నిర్వహణ పద్ధతులకు సంబంధించింది. రక్తపరీక్ష చేసే సామర్థ్యాన్ని చూసేది ఐఎస్ఓ 15189. దాని ప్రకారం గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీఎల్. కంట్రోల్ శాంపిళ్లతో యంత్రాన్ని సరిచూస్తున్నారా, బయటి నుంచి వచ్చిన నమూనాలకు సరైన ఫలితం చెబుతున్నారా అని పరిశీలిస్తారు. ఈ గుర్తింపు పరీక్షల వారీగా ఉంటుంది. షుగర్‌కు ఉండి థైరాయిడ్‌కు లేకపోవచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా ల్యాబ్, క్యాంటీన్, ఆహార పదార్థాల యూనిట్ నడుపుతుంటే ఇది మీ సంగతి కూడా. సింగరేణి గనులు, భద్రాద్రి థర్మల్ కేంద్రం, భారజల కర్మాగారం ఉన్న ప్రాంతం మనది. పెద్ద కొనుగోలుదారు మీ కాగితం చెల్లదంటే కట్టిన ఫీజు నీళ్లపాలే. ఆ కాగితాన్ని నమ్మి మీ దగ్గర తిన్నవారికి, పరీక్ష చేయించుకున్నవారికి జరిగే నష్టం అంతకంటే పెద్దది.

ఖర్చు భారమే, కాదనను. గుర్తింపు లేని ప్రతి ల్యాబ్ తప్పుడు ఫలితాలే ఇస్తుందనీ అనను. అయితే చిన్న ల్యాబ్‌ల కోసం ఎన్‌ఏబీఎల్ 2019లో ప్రవేశ స్థాయి పథకం తెచ్చింది. అక్కడ మొదలుపెట్టవచ్చు. పేరుకు ఒక సర్టిఫికెట్ కొనే బదులు ఆ డబ్బు కంట్రోల్ శాంపిళ్లకు ఖర్చు పెట్టినా మేలే.

ఈసారి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు మూడు విషయాలు అడగండి. సర్టిఫికెట్ ఎవరిచ్చారు? ఎప్పటివరకు చెల్లుతుంది? నేను చేయించే పరీక్ష అందులో ఉందా? జవాబును ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులకూ ఎన్‌క్వాస్ పేరిట జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. వాటి సంగతి మమ్మల్నీ నిలదీసి అడగండి. అడిగేవారుంటేనే నాణ్యత నిలుస్తుంది.